మిస్సింగ్ కొట్టే ఇంజిన్‌లో లోపం ఎక్కడ?

పెట్రోలు ఇంజిన్‌లోని ఒక సిలిండరులో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం అంటుకోవలసిన క్షణంలో అంటుకోకపోవడాన్ని, అంటుకున్నా పూర్తిగా మండకముందే ఆరిపోవడాన్ని ఆటోమొబైల్ శాస్త్రంలో మిస్‌ఫైర్ అంటారు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల షెడ్లలో అదే లోపాన్ని ‘బండి మిస్సింగ్ కొడతాంది’ అన్న ఒక్క మాటలో చెబుతారు. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి పని మానేస్తే మిగిలిన మూడు దాని భారాన్ని కూడా మోయవలసి వస్తుంది కాబట్టి, ఐడిలింగ్‌లో నిలబడిన బండి స్టీరింగు దాకా వణుకుతుంది, సైలెన్సర్ చప్పుడు లయ తప్పుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా పికప్ అందదు, మైలేజీ పడిపోతుంది. లక్షణం ఇంత స్పష్టంగా కనిపించినా కారణాలు మాత్రం పదుల సంఖ్యలో ఉంటాయి. చిన్న రబ్బరు గొట్టం చీలినా, ఇంజిన్‌ను నడిపే కంప్యూటరే చెడినా బండి ఇంచుమించు ఒకే తీరుగా వణుకుతుంది. అందువల్ల ఏ భాగం మార్చాలన్న తొందరను కాసేపు ఆపుకొని, మంట తప్పుతున్నది ఏ సిలిండరులో, ఏ పరిస్థితిలో అన్న రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు రాబట్టడమే ఈ పనిలో అసలైన నేర్పు.

ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే కార్బురేటరులో గాలి లాక్కుపోయే పెట్రోలు మీద ఆధారపడకుండా పంపు ఒత్తిడితో పెట్రోలును సన్నని తుంపరగా చిమ్మే ఏర్పాటు, మొదట్లో ఖరీదైన కార్లకే దక్కిన విద్య. 1954 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ స్పోర్ట్స్ కారులో యాంత్రిక పంపు నేరుగా సిలిండరులోకే పెట్రోలు చిమ్మేది; 1967లో బాష్ సంస్థ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కారుకు అమర్చింది; 1970ల్లో ఆ సంస్థే రూపొందించిన కె-జెట్రానిక్, ఎల్-జెట్రానిక్ పద్ధతులు యూరప్ స్పోర్ట్స్ కార్లలో స్థిరపడ్డాయి. భారతదేశంలో ఈ పద్ధతి మధ్యతరగతి ఇళ్ల ముందుకు రావడానికి ముఖ్య కారణం వేగం మీద మోజు కాదు, నగరాల పొగ. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో నమోదయ్యే ప్రైవేటు కార్లు 1999 జూన్ 1 నుంచి యూరో-1, 2000 ఏప్రిల్ 1 నుంచి యూరో-2 ప్రమాణాలను అందుకోవాలని సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్ 29న ఆదేశించడంతో కంపెనీలు కార్బురేటరును వదిలి, ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరును కేటాయించే మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్ వైపు, అంటే ఎంపీఎఫ్ఐ వైపు పరుగెత్తాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నిబంధన, 2005లో దేశమంతటికీ విస్తరించిన భారత్ స్టేజ్-2 ప్రమాణం ఆ మార్పును కడప జిల్లా దాకా తీసుకొచ్చాయి.

రాయలసీమ రోడ్ల పేరు చెప్పగానే గుర్తుకొచ్చే సుమోలు, మహీంద్రా జీపులు డీజిలు బండ్లు; వాటిలో స్పార్కు ప్లగ్గే ఉండదు కాబట్టి వాటి జబ్బులు వేరు, వైద్యం వేరు. పెట్రోలు ఇంజెక్షన్‌కు ఈ దేశంలో క్లాసిక్ హోదా సంపాదించిన బండ్లలో ముందు చెప్పవలసింది మారుతి జిప్సీని. 1985 చివర్లో 970 సీసీ కార్బురేటర్ ఇంజిన్‌తో వచ్చిన జిప్సీ, 1996లో 1.3 లీటర్ల ‘కింగ్’గా పెరిగి, 2000లో 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌ను అందుకొని 80 హార్స్‌పవర్‌కు చేరింది. సైన్యం, పోలీసు శాఖ దాన్ని ఎంతగా నమ్ముకున్నాయో ర్యాలీ పోటీల డ్రైవర్లు కూడా అంతగా నమ్ముకున్నారు. జిప్సీకి ఉన్న జీ13బీబీ ఇంజిన్‌నే 85 హార్స్‌పవర్‌తో ఎస్టీమ్ కారుకూ అమర్చారు; తేలికైన ఆ కారు కూడా ర్యాలీ బాటల్లో పేరు తెచ్చుకుంది. హోండా సిటీ 1.5 వీటెక్, ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్ వంటివీ ఆ తరానివే. ఇప్పుడు వీటన్నిటి వయసూ దాదాపు ఇరవై ఏళ్లు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ. ఇంజిన్ ఇనుము ఆ వయసును సులువుగానే తట్టుకున్నా, దాని చుట్టూ ఉండే రబ్బరు, ప్లాస్టిక్, రాగి తీగలు తట్టుకోలేవు. వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలైన కడప జిల్లాలో అవి మరింత త్వరగా ముసలివవుతాయి.

పెట్రోలు మండాలంటే ఒకే క్షణంలో మూడు కుదరాలి. గాలీ పెట్రోలూ సరైన పాళ్లలో ఉండాలి. ఆ మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కిపట్టాలి, దీన్నే కంప్రెషన్ అంటారు. సరిగ్గా సమయానికి ప్లగ్గు మొనల మధ్య స్పార్కు దూకాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కాబట్టి, నిమిషానికి 800 చుట్ల ఐడిలింగ్‌లో ఒక్కో సిలిండరు 400 సార్లు, 3000 చుట్ల వేగంలో 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు మండవలసి ఉంటుంది. ఇందులో పదింట ఒకటి తప్పినా మనిషి ఒంటికి తెలిసిపోతుంది. ప్రతిసారీ తప్పేది చచ్చిన సిలిండరు. అప్పుడప్పుడూ తప్పేది దొంగ లోపం, పట్టుకోవడం కష్టం.

అలాంటి దొంగ లోపాన్ని పట్టించేది అది కనిపించే సందర్భమే. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు వైపు కొండ ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే జర్కులు కొట్టి, కిందికి దిగాక ఐడిలింగ్‌లో నిశ్చింతగా తిరిగే బండి ఒక కథ చెబుతుంది; పులివెందుల సందుల్లో ట్రాఫిక్‌కు ఆగినప్పుడల్లా వణికి, కాస్త రేస్ ఇవ్వగానే సర్దుకునే బండి దానికి పూర్తిగా భిన్నమైన కథ చెబుతుంది. ఈ తేడాకు కారణం సిలిండరులోని ఒత్తిడి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండరు నిండా గాలి చేరి మిశ్రమం చిక్కగా నలుగుతుంది. అంత చిక్కటి మిశ్రమంలో ప్లగ్గు మొనల మధ్య ఖాళీని దూకడానికి స్పార్కుకు చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి, అదే సమయంలో పెట్రోలు కూడా ఎక్కువ అవసరమవుతుంది. అందుకే ఎక్కుడులో మాత్రమే కనిపించే మిస్సింగ్‌కు ఆ వోల్టేజీని పుట్టించలేక బలహీనపడిన కాయిల్‌నో, ఇన్సులేషన్ కారిపోతున్న ప్లగ్గు వైరునో, అరిగి ఖాళీ పెరిగిన ప్లగ్గునో, మూసుకుపోతున్న పెట్రోలు ఫిల్టరునో ముందుగా అనుమానించాలి. ఐడిలింగ్‌లో పరిస్థితి తలకిందులవుతుంది. థ్రాటిల్ దాదాపు మూసి ఉండి లోపలికి వెళ్లే గాలే అతి తక్కువగా ఉన్నప్పుడు, చీలిన గొట్టం గుండా దొంగతనంగా చొరబడే కొద్దిపాటి గాలి కూడా మిశ్రమాన్ని పలచబరిచి మంటను ఆర్పేయగలదు. థ్రాటిల్ తెరవగానే ఆ దొంగ గాలి మొత్తం గాలిలో లెక్కలోకి రానంత చిన్న వాటా అయిపోతుంది. సరిగా మూసుకోని వాల్వు కూడా ఇదే లక్షణాన్ని చూపిస్తుంది, నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో కారిపోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది కాబట్టి.

వేడితో ముడిపడిన లోపాలు ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. పొద్దున బాగా నడిచి, మధ్యాహ్నం ఎండలో ఎర్రగుంట్ల దాకా పోయి వచ్చేసరికి తడబడి, నీడన అరగంట ఆపితే మళ్లీ మామూలుగా నడిచే బండిలో కాయిల్‌నూ, క్రాంక్ సెన్సారునూ అనుమానించడం న్యాయం. క్రాంక్ సెన్సారు అంటే క్రాంక్‌షాఫ్టు ఏ క్షణంలో ఏ స్థానంలో ఉందో ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటరుకు, తెలియజేసే పరికరం. దాని లోపలి సన్నని తీగచుట్టలో పగులు ఉంటే వేడికి వ్యాకోచించి తెగుతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటరుతో కొలిస్తే అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది. అందుకే పరీక్ష కూడా వేడి మీదే జరగాలి. లోపం కనిపిస్తున్న సమయంలోనే అనుమానం ఉన్న భాగాన్ని తడిగుడ్డతో చల్లబరిచి చూడడం, చల్లగా ఉన్నప్పుడైతే హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి లోపాన్ని రప్పించడం ఖర్చులేని పద్ధతులు.

తరువాతి మెట్టు తప్పు చేస్తున్న సిలిండరును గుర్తించడం. కార్బురేటరు కాలం నుంచీ ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు వైరును లాగి చూడడం షెడ్లలో అలవాటు. వైరు లాగినప్పుడు చప్పుడు మరింత చెడితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు, ఏ మార్పూ లేకపోతే చచ్చినది అదే అన్నట్టు. తర్కం నూటికి నూరుపాళ్లూ సరైనదే, ఎంపీఎఫ్ఐ బండ్లలో మాత్రం చేతి పద్ధతి మారాలి. దూకే దారి దొరకని వేల వోల్టుల విద్యుత్తు కాయిల్ ఇన్సులేషన్‌ను చీల్చుకొనో, ఇగ్నిషన్ మాడ్యూల్ గుండానో దారి చేసుకుంటుంది, ఒక్కోసారి మెకానిక్కు చేతి గుండా కూడా. మండని పెట్రోలు సైలెన్సరు దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టరులోకి చేరి అక్కడ మండి, దాని లోపలి తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మెను కరిగించగలదు. వైరు లాగడానికి బదులు ఇంజెక్టరు కనెక్టరును ఒక్కొక్కటిగా తీసి చూస్తే అదే సమాచారం ప్రమాదం లేకుండా వస్తుంది, పెట్రోలే రాని సిలిండరు గుండా ఉత్త గాలి మాత్రమే పోతుంది కనుక. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి: వేగం తగ్గగానే ఈసీయూ ఐడిల్ వాల్వును తెరిచి లోటును పూడుస్తుంది కాబట్టి, కనెక్టరు తీసిన మొదటి క్షణంలో చప్పుడు ఎంత పడిందన్నదే చూడాలి. దశాబ్దాలుగా ఇంజిన్ల మధ్య పనిచేసిన మెకానిక్కు చెవి ఆ క్షణాన్ని ఏ మీటరుకూ తీసిపోకుండా పట్టుకుంటుంది. ఆ చెవికి దక్కవలసిన గౌరవం స్కానర్లు వచ్చిన తరువాత తగ్గడం మంచి పరిణామం కాదు.

సిలిండరు తెలిశాక దాని ప్లగ్గును విప్పి వెలుతురులో పట్టుకొని చూస్తే సగం విషయం అక్కడే బయటపడుతుంది. మొన దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండరు ఇంతకాలం సరిగా మండినట్టు. పొడిగా, వేలికి అంటుకునే మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే పెట్రోలు వచ్చినా స్పార్కు రానట్టు. నూనెతో మెరుస్తుంటే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగినట్టు. పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంటే మిశ్రమం పలచబడినట్టు. చాలామంది చూడకుండా వదిలేసే గుర్తు మరొకటి ప్లగ్గు పైభాగంలో, రబ్బరు బూటు కప్పి ఉంచే తెల్లటి పింగాణీ మీద ఉంటుంది. అక్కడ పెన్సిలుతో గీసినట్టు పైనుంచి కిందికి సన్నని నల్లటి గీత కనిపిస్తే, స్పార్కు లోపల దూకవలసిన చోట దూకకుండా పింగాణీ పైనుంచే ఇంజిన్ బాడీకి జారిపోతున్నదని అర్థం. ఆ గీత తుడిస్తే పోదు. ఎదురుగా ఉన్న రబ్బరు బూటు లోపల కూడా దాని జాడ పడి ఉంటుంది కాబట్టి ప్లగ్గునూ బూటునూ కలిపే మార్చాలి. ఒకటి మాత్రమే మారిస్తే పాతది కొత్తదాన్ని మళ్లీ పాడుచేస్తుంది.

ప్లగ్గును వైరుకు తగిలించి ఇంజిన్ బాడీకి ఆనించి స్టార్టరు తిప్పడం, స్పార్కు కనిపించగానే కాయిల్ బాగుందని తేల్చేయడం మరో పాత అలవాటు. బయటి గాలిలో దూకిన స్పార్కు సిలిండరులోని నలిగిన మిశ్రమంలోనూ దూకుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు, అక్కడ కావలసిన వోల్టేజీ చాలా ఎక్కువ. కాబట్టి స్పార్కు రాకపోతే ఆ పరీక్ష నేరాన్ని రుజువు చేస్తుందే తప్ప, వచ్చినంతమాత్రాన నిర్దోషిత్వాన్ని రుజువు చేయదు. వెడల్పాటి ఖాళీ ఉన్న స్పార్కు టెస్టరు దీనికంటే నమ్మదగినది. అది లేనిచోట రాత్రి చీకటి సాయపడుతుంది: లైట్లన్నీ ఆర్పి, నడుస్తున్న ఇంజిన్‌ను ముట్టుకోకుండా బానెట్ ఎత్తి దూరం నుంచి ప్లగ్గు వైర్ల మీద స్ప్రే సీసాతో మంచులా నీళ్లు చల్లితే, ఇన్సులేషన్ చెడిన చోట నీలి రంగు చారలు టిక్కుటిక్కుమంటూ వైరు మీద పాకడం కంటికి కనిపిస్తుంది. ఇంకా అనుమానం మిగిలితే మార్పిడి పరీక్ష ఉంది. రెండో సిలిండరు ప్లగ్గును మూడోదానికి, మూడోదాని ప్లగ్గును రెండోదానికి వేసి, మిస్సింగ్ కూడా రెండు నుంచి మూడుకు మారిందో లేదో చూడాలి. మారితే ఆ ప్లగ్గే దోషి, మారకపోతే అది నిర్దోషి. ఒక్కోసారి ఒక్క భాగాన్ని మాత్రమే మార్చినంతకాలం కాయిల్‌కూ, వైరుకూ, ఇంజెక్టరుకూ ఈ పరీక్ష పనిచేస్తుంది. రెండు భాగాలను కలిపి మార్చినవారికి బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

స్పార్కు సవ్యంగా ఉంటే పెట్రోలు వైపు తిరగాలి. ఎంపీఎఫ్ఐ బండిలో ట్యాంకులోని కరెంటు పంపు పెట్రోలును 2.5 నుంచి 3 బార్ల ఒత్తిడితో ఇంజెక్టర్ల దాకా తోస్తుంది. అక్కడ ఆ ఒత్తిడిని కాపాడేది రెగ్యులేటరు. దాని నెత్తి మీది నుంచి సన్నని రబ్బరు గొట్టం ఇంజిన్ గాలి దారికి, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డుకు, కలిసి ఉంటుంది. ఆ గొట్టాన్ని రెగ్యులేటరు నుంచి విప్పి లోపల చూడడానికి పట్టే సమయం ఒక నిమిషం: గొట్టం పొడిగా ఉండాలి, తడిగా ఉన్నా పెట్రోలు వాసన గుప్పుమన్నా రెగ్యులేటరులోని పలచటి పొర చిరిగి, ముడి పెట్రోలు దొంగదారిన సిలిండర్లలోకి పోతున్నట్టే. పెట్రోలు గొట్టాలను విప్పే ఏ పనికైనా ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి ఒత్తిడిని దించాలి. ఎండకు కాగిన షెడ్డులో చిమ్మిన పెట్రోలు క్షణాల్లో ఆవిరై పరుచుకుంటుంది, దరిదాపుల్లో బీడీ కానీ వెల్డింగు కానీ ఉండకూడదు.

ఇంజెక్టరు అంటే ఈసీయూ కరెంటు పంపినప్పుడు మాత్రమే తెరుచుకొని, కొన్ని మిల్లీసెకన్లపాటు పెట్రోలును చిమ్మి మూసుకునే కుళాయి వంటి పరికరం. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను దానికి ఆనించి, పిడిని చెవికి ఆనిస్తే టిక్ టిక్ చప్పుడు వినిపించాలి; వినిపించని ఇంజెక్టరుకు కరెంటు అందడంలేదు, లేదా అది బిగుసుకుపోయింది. టిక్కుమంటున్నా దాని రంధ్రాలు పూడిపోయి తుంపర సరిగా రాకపోవచ్చు. నెలల తరబడి కదలకుండా నిలిపిన బండ్లలో ఇది తరచు జరుగుతుంది. ఏడాదిలో పండక్కో పెళ్లికో తప్ప బయటికి తీయని పాత కార్లకు ఈ బెడద ఎక్కువ. పెట్రోలులో ఇథనాలు కలపడం మొదలయ్యాక దీనికి మరో కోణం చేరింది. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో పది శాతం ఇథనాలు కలపడం సాధ్యమైంది, 2025 నాటికి అది ఇరవై శాతానికి చేరింది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. చాలాకాలం నిలిచిన ట్యాంకులో నీరు మితిమీరితే ఇథనాలూ నీరూ కలిసి అడుగుకు దిగి, పంపు ముందుగా దాన్నే పీల్చి ఇంజిన్‌కు పంపుతుంది. పైగా పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో దానికి 14.7 రెట్లు గాలి కావలసి ఉండగా, ఇథనాలుకు 9 రెట్లు చాలు. ఇరవై శాతం కలిపిన ఇంధనానికి అది దాదాపు 13.5 అవుతుంది, అంటే అదే గాలికి మరికొంత ఎక్కువ ఇంధనం చిమ్మాలి. ఆ సర్దుబాటు చేయగల శక్తి పాత ఈసీయూలకు కొంతమేరకే ఉంటుంది కాబట్టి, అప్పటికే ఇంజెక్టరు సగం పూడిన బండి ఇథనాలు పెట్రోలుతో తడబడడంలో ఆశ్చర్యం లేదు. నేరం మొత్తాన్ని ఇథనాలు మీదికి నెట్టడం మాత్రం సరికాదు. పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను దానికి తట్టుకునే రకంతో మార్చి, ఫిల్టరు కొత్తది వేసిన పాత బండ్లు నెమ్మదిగానే అయినా సర్దుకుంటాయి.

గాలి వైపు ఈ ప్రాంతపు శత్రువు దుమ్ము. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి గనుల నుంచీ, సిమెంటు ఫ్యాక్టరీల దారుల నుంచీ లేచే సన్నని తెల్లటి పొడి ఎయిర్ ఫిల్టరును త్వరగా మూసేయడమే కాక, ఫిల్టరు సరిగా కూర్చోని చోట థ్రాటిల్ బాడీ దాకా చేరి, ఇంజిన్ ఆవిరితో కలిసి బంకలా పేరుకుంటుంది. ఎండకు గట్టిపడి పగిలిన రబ్బరు గొట్టాల గుండా దొంగ గాలి చొరబడడం అంతకంటే పెద్ద సమస్య. ఐడిలింగ్‌లో ఉన్న ఇంజిన్ దగ్గర చెవి పెట్టి వింటే సన్నని ఈల వినిపించవచ్చు. అనుమానం ఉన్న చోట కొద్దిగా నీళ్లు చల్లితే క్షణంపాటు ఈల ఆగి ఇంజిన్ చప్పుడు మారుతుంది. ఇదే పనికి కార్బురేటర్ క్లీనరు స్ప్రే వాడడం చాలాచోట్ల ఉన్నా, వేడి సైలెన్సరు మీద పడితే అది మంటగా మారుతుంది కాబట్టి నీళ్లే మేలు.

ఇక్కడే ఆక్సిజన్ సెన్సారు తెచ్చే చిక్కును అర్థం చేసుకోవాలి, ఎందుకంటే పాత ఎంపీఎఫ్ఐ బండ్లలో తప్పుడు వైద్యానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు. సైలెన్సరు దారిలో ఉండే ఈ సెన్సారు పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలుస్తుంది. పెట్రోలు ఎక్కువైతే ఇంచుమించు 0.9 వోల్టులు, తక్కువైతే 0.1 వోల్టు పంపుతుంది, ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ రెంటి మధ్య ఎడతెగకుండా ఊగుతుంది. ఒక సిలిండరులో స్పార్కు తప్పిందనుకుంటే, అందులోని పెట్రోలుతోపాటు ఖర్చుకాని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది. సెన్సారుకు పెట్రోలు కనిపించదు, ఆక్సిజనే కనిపిస్తుంది; అందుచేత మిశ్రమం పలచబడిందని ఈసీయూకు చెబుతుంది, ఈసీయూ దాన్ని నమ్మి నాలుగు సిలిండర్లకూ పెట్రోలు పెంచుతుంది. దాంతో బాగున్న మూడు సిలిండర్ల ప్లగ్గులూ మసిబారుతాయి, మైలేజీ పడిపోతుంది, పొగ నల్లబడుతుంది. అప్పుడు బండిని చూసినవారికి పెట్రోలు ఎక్కువైందనీ, స్కానరు చూసినవారికి పెట్రోలు తక్కువైందనీ అనిపిస్తుంది. ఒకరు ఇంజెక్టర్లు మారుస్తారు, మరొకరు ఆక్సిజన్ సెన్సారునే మారుస్తారు, అసలు దోషి అయిన ప్లగ్గు వైరు మాత్రం అక్కడే ఉంటుంది. సెన్సారు చూసినదాన్ని చూసినట్టే చెప్పే సాక్షి మాత్రమే, తీర్పు చెప్పవలసినవాడు మెకానిక్కే.

స్కానరు విషయమూ అంతే. భారతదేశంలో కార్లకు పూర్తిస్థాయి ఓబీడీ-2, అంటే బండి తనను తాను పరీక్షించుకొని లోపాలను సంకేతాలుగా రాసుకునే ఏర్పాటు, 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. ఆ తరువాతి బండ్లలో పి0301 అంటే మొదటి సిలిండరులో, పి0304 అంటే నాలుగోదానిలో మంట తప్పుతోందనీ, పి0300 అంటే ఏదో ఒకటి అని తేల్చలేనట్టుగా పలు సిలిండర్లలో తప్పుతోందనీ అర్థం. క్రాంక్‌షాఫ్టు ప్రతి మంటకూ కాస్త వేగం పుంజుకోవాలి. పుంజుకోని చోటును కొలిచి ఈసీయూ ఈ లెక్క కడుతుంది. అంతకుముందు తరం జిప్సీ, ఎస్టీమ్ వంటి బండ్లలో ఇంత వివరం ఉండదు. సుజుకీ పాత పద్ధతిలో టెస్టు కనెక్టరులోని తీగను ఎర్తుకు కలిపితే చెక్ ఇంజిన్ లైటు మెరుపుల లెక్కలో సంకేతం చెబుతుంది. ఒక మెరుపు, కాస్త ఆగి రెండు మెరుపులు వస్తే అది 12, లోపమేదీ నమోదు కాలేదని అర్థం. లోపం నమోదు కాకపోవడమూ, లోపం లేకపోవడమూ ఒకటి కావు: పాత ఈసీయూకు తెగిన సెన్సారు తీగ తెలుస్తుంది గానీ పగిలిన ప్లగ్గు తెలియదు. తీగల విషయానికొస్తే, పొలాల పక్కనో గడ్డివాము దగ్గరో నిలిపిన బండ్లలో ఎలుకలు కొరికిన వైరింగునూ, తుప్పుపట్టి వదులైన ఎర్తు బోల్టునూ చూడకుండా ఏ ఖరీదైన భాగమూ కొనకూడదు.

స్పార్కు, పెట్రోలు, గాలి మూడూ సవ్యంగా ఉన్నాక మిగిలేది కంప్రెషన్. ప్లగ్గు స్థానంలో గేజి బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, స్పార్కూ పెట్రోలూ ఆపి స్టార్టరు తిప్పితే, ఆరోగ్యంగా ఉన్న ఇలాంటి ఇంజిన్‌లో చదరపు సెంటీమీటరుకు 12 నుంచి 14 కిలోల ఒత్తిడి చూపుతుంది. అంకె కంటే ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా ఒక కిలోను మించకపోవడం. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ కొలిస్తే, ఒత్తిడి పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వు కారుతున్నట్టు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా తక్కువ చూపితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలినట్టు. టాపెట్లను చేత్తో సర్దవలసిన ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వుకు ఖాళీ చాలకపోతే, వేడెక్కి పొడుగైన వాల్వు పూర్తిగా మూసుకోక వేడి మీద మాత్రమే మిస్సింగ్ కొడుతుంది. ఆ ఖాళీని ఫీలర్ గేజితో సర్దడానికి భాగమేదీ కొనక్కర్లేదు.

కార్ల తరువాత ఇంజెక్షన్ బైకుల్లోకీ వచ్చింది. 2006 నాటి హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐ తరువాత, 2007లో వచ్చిన బజాజ్ పల్సర్ 220 డీటీఎస్-ఎఫ్ఐ, 2008లో వచ్చిన యమహా ఆర్15 ఇప్పుడు పాతబడి సేకరణ వస్తువుల స్థాయికి చేరుతున్నాయి. పల్సర్ 220ని రెండేళ్లకే కంపెనీ మళ్లీ కార్బురేటరుకు మార్చింది కాబట్టి ఆ తొలి ఇంజెక్షన్ బండి విడిభాగాలు దొరకడం కష్టం. ఒకే సిలిండరు కనుక ఏది తప్పు చేస్తోందన్న ప్రశ్న ఉండదు గానీ, ఎప్పుడు తప్పు చేస్తోందన్న ప్రశ్న అలాగే ఉంటుంది. బైకు బ్యాటరీ బలహీనపడితే పంపు ఒత్తిడీ, ఇంజెక్టరు తెరుచుకునే సమయమూ రెండూ దెబ్బతింటాయి కాబట్టి అక్కడ మొదటి కొలత బ్యాటరీ వోల్టేజీదే.

పులివెందులలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలలోనూ, ప్రొద్దుటూరులోని వైఎస్సార్ ఇంజినీరింగ్ కళాశాలలోనూ దహనక్రియ సిద్ధాంతాన్ని చదివే విద్యార్థులకు నిజంగా మిస్సింగ్ కొట్టే ఇంజిన్ ఒకటి దొరికేది ఊళ్లోని షెడ్డులోనే. షెడ్డులోని మెకానిక్కుకు తన చెవి చెప్పేదాని వెనకనున్న లెక్క దొరికేది ఆ కళాశాలలోనే. ఈ రెండు చోట్ల మధ్య రాకపోకలు పెరగడం ఎంతో అవసరం.

భాగం మార్చిన తరువాత ఈసీయూలో నిలిచిన పాత సంకేతాన్ని చెరిపి, లోపం మొదట ఏ పరిస్థితిలో కనిపించిందో అదే పరిస్థితిలో బండిని నడిపి చూడాలి. ఎక్కుడులో కనిపించిన మిస్సింగ్‌ను చదును రోడ్డు మీద పరీక్షించి బాగైందనుకోవడం, మధ్యాహ్నపు లోపాన్ని పొద్దున నడిపి తేల్చడం రెండూ చెల్లవు. కొన్ని రోజులు నడిచాక ఆ సిలిండరు ప్లగ్గును మరొకసారి విప్పి పక్క సిలిండరు ప్లగ్గుతో పోల్చి చూడాలి. రెండు ప్లగ్గుల మొనలూ ఒకే లేత గోధుమ రంగుకు వచ్చి ఉంటే పని పూర్తయినట్టు, రంగులో తేడా ఇంకా మిగిలి ఉంటే కారణం ఇంకొకటి ఉన్నట్టు.